పాత అంబాసిడర్‌ని బాగుచేయించాలా, తుక్కుకి వేయాలా: ముందు కాగితాలు, తర్వాత రేకు, చివర ఇంజిన్

షెడ్డులో పదేళ్లుగా పడున్న తాతగారి అంబాసిడర్‌ మీద పండక్కి వచ్చిన మనవడికి మనసు పడుతుంది. మెకానిక్‌ని పిలుస్తారు. కొత్త బ్యాటరీ తగిలించి, కార్బొరేటర్‌లో కాస్త పెట్రోలు పోసి సెల్ఫ్ కొడితే ఇంజిన్ నాలుగు దగ్గులు దగ్గి లేస్తుంది. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొడతారు. బండి బాగానే ఉంది, కాస్త టింకరింగ్ చేయిస్తే చాలు అని అక్కడికక్కడే తీర్మానం అయిపోతుంది. ఆర్నెల్ల తర్వాత మూడు లక్షలు పోసిన బండి ఆటోనగర్‌లో తలుపుల్లేకుండా నిలబడి ఉంటుంది. ఇంకా ఎంత కావాలో చెప్పేవాళ్లు ఉండరు.

తప్పు వరసలో జరిగింది. అంబాసిడర్‌లో అన్నిటికంటే తేలిగ్గా బాగయ్యేది ఇంజిన్. బాగుచేయాలా వద్దా అన్న ప్రశ్నకి జవాబిచ్చేవి కాగితాలూ బాడీ రేకూ. చూడాల్సిన వరస అదే. ఏ మెట్టు దగ్గర బండి ఓడిపోతే అక్కడే ఆగితే మిగతా మెట్ల ఖర్చు మిగులుతుంది.

ఇక్కడ చెప్పేదంతా 1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్‌ని దృష్టిలో పెట్టుకుని. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో తయారైన ఈ బండి ఉత్పత్తి 2014 మేలో ఆగింది. ప్రీమియర్ పద్మినికీ పద్ధతి ఇదే, కాకపోతే ముందు సస్పెన్షన్ వేరు.

మొదటి మెట్టు: ఆర్‌సీ

బండి దగ్గరికి వెళ్లకముందే ఆర్‌సీ చేతిలోకి తీసుకోండి. పాత ఆర్‌సీ అంటే చిన్న పుస్తకం. అందులో నాలుగు చూడాలి: ఎవరి పేరు, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, చెల్లుబాటు ఎప్పటి వరకు, ఫైనాన్స్ ఎంట్రీ ఏమైనా మిగిలి ఉందా. ముప్పయ్యేళ్ల కిందట తీర్చేసిన అప్పు కూడా పుస్తకంలో కొట్టేయకపోతే ఇవాళ అడ్డం పడుతుంది. దాన్ని తీయించడానికి ఫారం 35, దాంతో పాటు ఆ బ్యాంకు ఇచ్చే లేఖ కావాలి. అప్పిచ్చిన సంస్థే మూతపడి ఉంటే ఆ లేఖ ఎవరిస్తారో ముందే తేల్చుకోవాలి.

తర్వాత నంబర్లు. బానెట్ ఎత్తి, ఇంజిన్‌కీ సీట్లకీ మధ్య అడ్డుగోడ అయిన ఫైర్‌వాల్ మీద చాసిస్ నంబరు ప్లేటు వెతకండి. మురికి గుడ్డతో తుడిచి, పల్చటి తెల్ల కాగితం పెట్టి పైన పెన్సిల్ అడ్డంగా రుద్దితే నంబరు అచ్చుపడుతుంది. ఇంజిన్ బ్లాకు మీది నంబరుకీ అలాగే చేయండి. రెండు అచ్చులనూ ఆర్‌సీ పక్కన పెట్టి ఒక్కో అక్షరం పోల్చండి. ఇంజిన్ నంబరు కలవకపోతే గాభరా అక్కర్లేదు, టాక్సీగా తిరిగిన బండ్లకి ఇంజిన్ మార్పిడి మామూలే. మైలేజీ కోసం మటాడోర్ వ్యాను డీజిల్ ఇంజిన్ దింపిన అంబాసిడర్లు కొల్లలు. కాకపోతే ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కించి ఉండాలి. చాసిస్ నంబరు కలవకపోవడం మాత్రం వేరే సంగతి. అది ఎందుకు కలవలేదో ఆర్టీఏ ఆఫీసులో తేలేదాకా రూపాయి ఖర్చు పెట్టకండి.

యజమాని పోయి ఉంటే వారసుల పేరు మీదికి మార్చడానికి ఫారం 31. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం కావాలి. ఈ చివరిదే అసలు చిక్కు. అన్నదమ్ముల్లో ఒకరు సంతకం పెట్టనంటే బండి ఎంత బాగున్నా రోడ్డెక్కదు. ఆర్‌సీ పోయి ఉంటే ఫారం 26తో డూప్లికేట్, దానికి పోలీసు ఫిర్యాదు కాపీ. మూడక్షరాల పాత సిరీస్ బండ్ల వివరాలు చాలావాటివి కంప్యూటర్లోకి ఎక్కలేదు. ఆ బండికి ముందు బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించాలి. రిజిస్టర్ అయిన ఆఫీసులోనే ఆ పని జరుగుతుంది కాబట్టి పాత నంబరు ఏ జిల్లాదో చూసుకోండి.

ఇక రెన్యువల్. మొదటి 15 ఏళ్లు నిండాక ఫారం 25 పెట్టి, బండిని తనిఖీకి చూపించి, అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారుకి కేంద్రం పెట్టిన ఫీజు 5,000 రూపాయలు. 2025 ఆగస్టు నోటిఫికేషన్‌తో 20 ఏళ్లు దాటినవాటికి అది 10,000 అయింది, జీఎస్టీ అదనం. గడువు దాటితే కార్లకి నెలకి 500 చొప్పున ఆలస్య రుసుం, దానిమీద గ్రీన్ ట్యాక్స్. పదేళ్లు మూలన పడున్న బండికి ఈ ఆలస్య రుసుం ఏ నెల నుంచి లెక్క కడతారో ఆఫీసులో అడిగి, ఆ అంకెని కాగితం మీద రాసుకోండి. బండి విలువ లెక్కలో ఇదీ ఒక పద్దు.

బండి మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిందా? అయితే దారి వేరు. 2021 జులైలో కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో చేర్చిన వింటేజ్ అధ్యాయం కింద దాన్ని నమోదు చేయించుకోవచ్చు. రాష్ట్ర కోడ్ తర్వాత వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు వస్తుంది. కొత్త నమోదుకి 20,000, చెల్లుబాటు 10 ఏళ్లు, తర్వాత మళ్లీ నమోదుకి 5,000. ప్రదర్శనలకీ ర్యాలీలకీ, పెట్రోలుకీ మరమ్మతుకీ తప్ప రోజువారీ తిరగడానికి పనికిరాదు. షరతు ఒకటుంది: చాసిస్, బాడీ షెల్, ఇంజిన్ మార్చి ఉండకూడదు. మటాడోర్ ఇంజిన్ దిగిన బండికి ఆ తలుపు మూసుకున్నట్టే. 45, 48 ఏళ్ల వయసున్న అసలు ఇంజిన్ బండి చేతిలో ఉంటే, దాన్ని తుక్కుకి వేసేముందూ, ఇంజిన్ మార్చేముందూ కాస్త ఆగి ఆలోచించండి.

రెండో మెట్టు: రేకు

అసలు తీర్పు ఇక్కడే.

అంబాసిడర్‌ కింద లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు. బాడీయే చాసిస్. గుమ్మాల కింద పొడుగ్గా సాగే పెట్టెల్లాంటి సిల్లులు, నేల రేకు, కింది అడ్డ దూలాలు, స్తంభాలు అన్నీ కలిసి బరువు మోస్తాయి. అందుకే దీనికి తుప్పు పట్టడమంటే ఇంటి దూలానికి చెద పట్టినట్టు. పైన రంగు ఎంత మెరిసినా లాభం లేదు.

కావలసినవి: చిన్న అయస్కాంతం, దానికి చుట్టడానికి పల్చటి గుడ్డ, పొడుగు స్క్రూడ్రైవర్, టార్చి, సుద్దముక్క, జాకీ, రెండు స్టాండ్లు, పడుకోవడానికి గోనెసంచి. జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని బండి కిందికి దూరకండి. స్టాండు ఆనించే చోటు కూడా తుప్పు పట్టి ఉండొచ్చు, కాబట్టి స్టాండు వెనక ఇరుసు కిందో ముందు సస్పెన్షన్ చేతుల కిందో పెట్టండి, సిల్లు కింద వద్దు. రెండు మూడు గంటలు పడుతుంది. తొందరపడితే మోసపోతారు.

గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని తలుపుల కింది అంచులు, నాలుగు మడ్‌గార్డుల అంచులు, సిల్లులు, వెనక చక్రాల పైభాగం వెంట నెమ్మదిగా నడిపించండి. పట్టు సడలిందంటే అక్కడ రేకు లేదు, లప్పం ఉంది. లప్పం అసలే ఉండకూడదని కాదు, రెండు మూడు మిల్లీమీటర్ల వరకు ఫరవాలేదు. అంతకు మించితే లోపల గొయ్యి ఉన్నట్టే. అయస్కాంతం జారిపోయిన ప్రతి చోటా సుద్దతో గీత పెట్టండి.

తర్వాత సిల్లులు. తలుపు అడుగున నీళ్లు పోయే సన్నపు రంధ్రాలు మట్టితో మూసుకుపోతాయి, నీరు లోపలికి దిగి మూసి ఉన్న పెట్టెలో నిలుస్తుంది. అంటే సిల్లు లోపలినుంచి బయటికి కుళ్లుతుంది. బయట రూపాయి బిళ్లంత బుడగ కనిపిస్తే లోపల అరచేయంత పోయిందనుకోండి. స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ పోండి. మంచి రేకు ఖంగుమంటుంది, కుళ్లినది అట్టపెట్టెలా డబ్‌మంటుంది. అనుమానమొచ్చిన చోట మొనతో గట్టిగా నొక్కండి. యజమాని మనసు నొచ్చుకున్నా సరే, ఇప్పుడు దిగని మొన రేపు టింకర్ షాపులో దిగుతుంది.

ఇక తలుపు పరీక్ష, దీన్ని ఎవరూ చేయరు గానీ దీనంత నిజం చెప్పేది ఇంకోటి లేదు. ముందు తలుపు మూసి, తలుపుకీ స్తంభానికీ మధ్య సందు పైనా కిందా కొలిచి సుద్దతో రాయండి. అదే పక్క జాకీ ఆనించే చోట జాకీ పెట్టి, చక్రం నేల వదిలేదాకా మెల్లగా లేపండి. మళ్లీ సందు కొలవండి. కొద్దిపాటి తేడా సహజం. కానీ సందు పైనో కిందో ఒక కొస మూసుకుపోయి రెండో కొస తెరుచుకుంటే, లేదా తలుపు తెరవబోతే పట్టేస్తే, సిల్లు బరువు మోయడం మానేసింది. జాకీ ఎత్తుతుంటే బండి లేవకుండా రేకే లోపలికి నలిగితే వెంటనే దించేయండి. ఆ పక్క సంగతి తేలిపోయింది.

ఇప్పుడు బండి కింద. అంబాసిడర్ ముందు చక్రాలకి కాయిల్ స్ప్రింగులు ఉండవు. బండి పొడుగునా సాగే టార్షన్ బార్లు ఉంటాయి. వాటి వెనక కొసలు ముందు సీటు కింద అడ్డదూలంలో బిగించి ఉంటాయి. ఆ దూలం చుట్టూ రేకు కుళ్లితే బండి ఆ పక్కకి వాలుతుంది. మెకానిక్ బార్‌ని ఒక పన్ను తిప్పి లేపేస్తాడు, నాలుగు నెలలకి మళ్లీ వాలుతుంది. చదునైన నేల మీద ముందు చక్రాలు రెండింటికీ, ఒక్కోదాని నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా కొలవండి. రెండు సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే టార్చి వేసి ఆ దూలాన్ని వేలితో తడిమి చూడాల్సిందే. వెనక వైపు కమాన్ కట్టల కొసలు బాడీకి తగులుకునే హ్యాంగర్లు, డిక్కీ చాప ఎత్తి అడుగు రేకు, సీట్ల కింద నేల కూడా చూడండి. ముందు మడ్‌గార్డు వెనక భాగంలో చక్రం విసిరిన బురద ఏళ్ల తరబడి గూడు కట్టి తడిని పట్టి ఉంచుతుంది, దాన్ని గోకి చూడండి. చెట్టు కింద నిలిపిన బండికైతే ముందు అద్దం కింది గాడిలో ఆకులు కుళ్లి, డాష్‌బోర్డు వెనకనుంచి నీళ్లు కాళ్ల దగ్గరికి దిగుతాయి. విశాఖ, మచిలీపట్నం, నెల్లూరు లాంటి సముద్రపు గాలి చోట్ల పెరిగిన బండిని రెట్టింపు అనుమానంతో చూడాలి. అనంతపురంలోనో మహబూబ్‌నగర్‌లోనో ఎండలో ఎండిన బండికి రంగు, రబ్బరు, సీట్లు పోతాయి గానీ రేకు చాలావరకు మిగులుతుంది. బండి మొదట ఎక్కడిదో ఆర్‌సీ చెబుతుంది.

తీర్పు ఇలా చెప్పుకోవచ్చు. తలుపులు, మడ్‌గార్డులు, డిక్కీ మూత, నేల రేకులో అక్కడక్కడా చిల్లులు: ఎన్ని ఉన్నా డబ్బుతో తీరే రోగాలు. తలుపులూ మడ్‌గార్డులూ ఇంకో బండివి దొరుకుతాయి. ఒక పక్క సిల్లు పోయింది, మిగతా గట్టిగా ఉంది: బాగుచేయొచ్చు, మంచి టింకర్ దొరికితేనే. రెండు సిల్లులూ, టార్షన్ బార్ దూలమూ, వెనక హ్యాంగర్లూ, ఈ మూడింట్లో రెండు పోయాయంటే ఆ బాడీ అయిపోయినట్టే. కొలతలు తీసుకోవడానికి కూడా సరైన మూల మిగలదు. అలాంటిదాన్ని నిలబెట్టడానికయ్యే ఖర్చుతో గట్టి బాడీ ఉన్న ఇంకో అంబాసిడర్ కొనుక్కోవచ్చు.

టింకర్‌తో మాట్లాడేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. సిల్లుకి ఏ గేజ్ రేకు వేస్తావు? బరువు మోసే చోట 18 గేజ్, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు, మడ్‌గార్డు లాంటి వాటికి 20 గేజ్ చాలు. కుళ్లిన రేకు కోసి తీస్తావా, దానిమీదే కొత్తది అతికిస్తావా? అతికిస్తానంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. రేకు మీద రేకు వేస్తే మధ్యలో తడి చేరి రెండేళ్లలో రెండూ పోతాయి. సిల్లు కోసే ముందు గుమ్మంలో అడ్డంగా ఇనుప యాంగిల్ తాత్కాలికంగా వెల్డ్ చేయాలి, ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క కోయాలి. లేకపోతే బాడీ నడుం వంగి తలుపులు ఇక జన్మలో సరిగా పడవు. ఈ మాట మీరు చెప్పకముందే అతను చెబితే, ఆ షాపు మంచిదని లెక్క.

మూడో మెట్టు: ఇంజిన్

ఇది మూడో మెట్టే గానీ సెల్ఫ్ కొట్టాలనే ఆత్రం అందరికీ ఇక్కడే. ఏళ్ల తరబడి ఆగిన ఇంజిన్‌ని పొడిగా తిప్పితే సిలిండర్ గోడలకి పట్టిన తుప్పు రింగుల్ని గీస్తుంది, పట్టేసిన వాల్వ్ పుష్‌రాడ్‌ని వంచుతుంది. వెయ్యి రూపాయల పని పాతిక వేలవుతుంది.

నాలుగు ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రోజు వదిలేయండి. మర్నాడు పైన వాల్వుల మీది మూత (రాకర్ కవర్) విప్పి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండిల్‌తో గానీ క్రాంక్ పుల్లీ నట్టుకి పానా వేసి గానీ చేత్తో తిప్పండి. ఎనిమిది వాల్వులూ దిగి లేస్తున్నాయో లేదో కళ్లతో చూడండి. తిరగకపోతే బలవంతం వద్దు, ఇంకాస్త నూనె పోసి వారం ఆగండి. ఆ తర్వాత పాత ఆయిల్ దించండి. పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్లు కలిశాయి, అంటే హెడ్ గ్యాస్కెట్టో, హెడ్ పగులో. మంచి 20డబ్ల్యూ-50 ఆయిల్ 4 లీటర్ల దాకా పడుతుంది. టాంకులో పాత పెట్రోలు పూర్తిగా పారబోసి, టాంకు అడుగున తుప్పు ఉందేమో చూడండి. ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొట్టి, ఆయిల్ ప్రెషర్ కనిపించాకే ప్లగ్గులు పెట్టండి.

ఇంజిన్ లేచి కాస్త వేడెక్కాక కంప్రెషన్ పరీక్ష. నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కో సిలిండర్‌ ప్లగ్గు రంధ్రంలో కంప్రెషన్ గేజ్ పెట్టి సెల్ఫ్ కొట్టి, వచ్చిన అంకె రాసుకోండి. అంకె ఎంత అన్నదానికంటే నాలుగింటి మధ్య తేడా ముఖ్యం. 15 శాతం లోపు తేడా ఉంటే ఇంజిన్ ఇంకొన్నేళ్లు నడుస్తుంది. ఉదాహరణకి 120, 118, 72, 70 వస్తే పక్కపక్కనున్న మూడో, నాలుగో సిలిండర్ల మధ్య గ్యాస్కెట్ కాలింది. చిన్న పనే. 120, 118, 70, 119 వస్తే మూడో సిలిండర్‌లో చెంచా నూనె పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, బోరు, పెరగకపోతే వాల్వ్.

ఆయిల్ ప్రెషర్, వేడెక్కాక నడుస్తున్నప్పుడు 50 పీఎస్ఐ దగ్గర, ఐడిల్‌లో 15 తగ్గకుండా ఉంటే మంచిది. అంతకు తగ్గి, కింది నుంచి బరువైన దడదడ వినిపిస్తే క్రాంక్ బేరింగులు. ఇక్కడ లేత్ షాపులో ఒక మాట తప్పకుండా అడగండి: క్రాంక్ ఇప్పటికే ఎంత గ్రైండ్ అయింది? స్టాండర్డ్ తర్వాత 10, 20, 30, 40 అని మెట్లు, అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. 40కి వెళ్లిపోయిన క్రాంక్‌కి ఇంకో ప్రాణం లేదు, వేరేది వెతకాలి. పిస్టన్లకీ 40 ఓవర్‌సైజే చివరి మెట్టు, ఆ తర్వాత స్లీవులు, అంటే బోరులోకి దించే కొత్త గొట్టాలు. బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్ మూడూ ఒకే షాపులో చేయిస్తే గొడవొచ్చినప్పుడు ఒకరి మీద ఒకరు చెప్పుకోవడం ఉండదు.

వెనక మెయిన్ బేరింగ్ దగ్గర ఆయిల్ బొట్లు కారడం చూసి కంగారు పడకండి. ఈ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) రకం ఇంజిన్లలో అక్కడ రబ్బరు సీలు ఉండదు, ఆయిల్‌ని మళ్లీ లోపలికి తోసే, స్క్రూ మర లాంటి గాడి మాత్రమే ఉంటుంది. రాత్రికి నాలుగు చుక్కలు పడటం దాని జాతి లక్షణం. దాన్ని ఆపిస్తానని ఇంజిన్ దింపేవాడు మీ డబ్బుతో నేర్చుకుంటున్నాడని అర్థం.

పెట్రోలు సంగతి. సీసం కలిపిన పెట్రోలు దేశంలో 2000 ఫిబ్రవరితో ఆగింది. పాత హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు మెత్తని ఇనుము, ఎక్కువ దూరాలు వేగంగా నడిపితే అవి లోపలికి కుంగుతాయి. హెడ్ ఎటూ విప్పుతుంటే గట్టి సీట్లు వేయించేయండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20 పెట్రోలు, అంటే 20 శాతం ఇథనాల్ కలిపినది, పాత రబ్బరు గొట్టాలనీ, పంపు డయాఫ్రంనీ మెత్తబరుస్తుంది, తడిని పీల్చి టాంకు అడుగున నీళ్లు చేరుస్తుంది. కాబట్టి ఫ్యూయల్ గొట్టాలన్నీ ఇథనాల్‌ని తట్టుకునే రకంవి వేయించాలి. నెలల తరబడి నిలిపే బండికి టాంకు నిండా పోసి ఉంచడమో, పూర్తిగా ఖాళీ చేయడమో చేయండి.

నాలుగో మెట్టు: మిగతావి

బ్రేకులు ఎలా ఉన్నాయని చూడక్కర్లేదు, పోయాయనే లెక్కేసుకోండి. మాస్టర్ సిలిండర్, అన్ని వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు, షూలు, ద్రవం: మొత్తం కొత్తవి. సిలిండర్ లోపల తుప్పు గుంటలు పడితే రబ్బరు కిట్ మార్చినా లాభం లేదు, నెలలోపు మళ్లీ కారుతుంది.

ముందు చక్రం నేల వదిలేలా లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. ఊపు ఆగిపోతే వీల్ బేరింగ్, ఆగకపోతే చక్రం మలుపు తిరిగే కీళ్లు: కింగ్ పిన్, ట్రన్నియన్. గ్రీజు పట్టించని బండికి ఇవే ముందు పోతాయి. వైరింగ్ గట్టిపడి విరుగుతున్నా, ఎలుకలు కొరికినా ముక్కలు అతికించకండి. పాత మోడళ్లలో మొత్తం బండికి ఫ్యూజులు ఒకటో రెండో ఉంటాయి. మొత్తం హార్నెస్ కొత్తది కట్టించి, ఫ్యూజులు పెంచించండి. టైరు పక్క గోడ మీద చివరి నాలుగు అంకెలు చూడండి: 3214 అంటే 2014లో 32వ వారం. గాడులెంత లోతున్నా పదేళ్లు దాటిన టైరు పనికిరాదు.

ఇక్కడే ఇంకో లెక్క దాగి ఉంటుంది. పిస్టన్, క్లచ్ ప్లేటు దొరుకుతాయి. దొరకనివి ముఖం మీది సామాను: మార్క్ 1, మార్క్ 2 గ్రిల్లు, వెనక లైట్ల అద్దాలు, డాష్‌బోర్డు మీటర్లు, వంగిన వెనక అద్దం, క్రోమ్ పట్టీలు. ఇవి మీ బండికి ఉంటే లెక్క సగం మారుతుంది. లేకపోతే విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్ తిరగాలి, దొరికినప్పుడు అడిగినంత ఇవ్వాలి.

లెక్క కాగితం

ఇప్పుడు కూర్చుని రాయండి. కింది అంకెలు పద్ధతి చూపడానికే, మీ ఊరి ధరలు మీరు రాసుకోవాలి.

బాడీ రేకు పని 1,60,000. రంగు 80,000. ఇంజిన్ 60,000. బ్రేకులు, సస్పెన్షన్, టైర్లు 45,000. వైరింగ్ 25,000. సీట్లు, క్రోమ్ 50,000. కాగితాలు 20,000. మొత్తం 4,40,000. దీనిమీద రేకు, రంగుకి 30 శాతం కలపండి, ఎందుకంటే కోస్తేగానీ లోపలిది తెలియదు: 72,000. ఇంజిన్ నుంచి సీట్ల దాకా ఉన్న నాలుగు పద్దులకి 15 శాతం: 27,000. అసలు అంకె 5,39,000.

దాని పక్కన, ఇలాంటిదే నడుస్తున్న మంచి బండి ఎంతకి అమ్ముడవుతోందో రాయండి. ప్రకటనల్లో అడిగే ధర వద్దు, నిజంగా చేతులు మారిన ధర కావాలి. అది 3,00,000 అనుకుంటే తేడా 2,39,000. ఆ తేడా తాతగారి జ్ఞాపకం ఖరీదు. అంత ఇచ్చుకోగలిగితే నిరభ్యంతరంగా ఇచ్చుకోండి, అందులో తప్పేం లేదు. కానీ దాన్ని పెట్టుబడి అని మీకు మీరు చెప్పుకోకండి.

ఇంకో దారి కూడా ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కాగితాలు సరే, రేకు సరే, డబ్బు మాత్రం ఇప్పుడు లేదు. అలాంటప్పుడు బండిని ఆపి కాపాడండి. పెట్రోలు దించి, బ్యాటరీ తీసి, స్టాండ్ల మీద నిలబెట్టి, కింద బురదంతా కడిగి ఆరబెట్టి, సిల్లుల లోపల తుప్పు ఆపే మైనం స్ప్రే చేయించి, సిమెంటు నేల మీద గాలాడే షెడ్డులో ఉంచండి. ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల తడి పట్టేస్తుంది, నూలు గుడ్డ కప్పండి. అయిదు వేలతో అయిదేళ్లు వాయిదా.

తుక్కుకే వేయాలని తేలితే

ముందు ఇంకో అంబాసిడర్ యజమానికి విడిభాగాల బండిగా అమ్మజూపండి. కిలో లెక్కన వచ్చేదానికంటే గ్రిల్లు, అద్దాలు, గేర్‌బాక్సు, క్రౌన్ పినియన్‌కి వచ్చేది చాలాసార్లు ఎక్కువ. అయినా ఆర్‌సీ రద్దు బాధ్యత మీదే. బండి పనికిరాకుండా పోతే 14 రోజుల్లోగా, లేదా వీలైనంత త్వరగా ఆర్టీఏకి తెలిపి ఆర్‌సీ అప్పగించాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. తూకం వేసి డబ్బు చేతిలో పెట్టే రోడ్డు పక్క తుక్కు దుకాణానికి వేస్తే రికార్డుల్లో బండి ఇంకా మీ పేరు మీదే బతికి ఉంటుంది. రేపు ఆ నంబరుతో ఇంకేదైనా తిరిగితే మీ ఇంటికే వస్తారు.

సరైన దారి ప్రభుత్వం నమోదు చేసిన స్క్రాపింగ్ కేంద్రం. 2021 సెప్టెంబరులో వచ్చిన నిబంధనల ప్రకారం ఆ కేంద్రం డిపాజిట్ సర్టిఫికెట్ ఇవ్వాలి. దాన్ని చూపించి కొత్త కారు కొంటే రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు. రాష్ట్రం అమలు చేస్తున్న మేరకు సొంత వాహనానికి మోటారు పన్నులో 25 శాతం దాకా రాయితీ ఉంటుంది. బండి నలిపేశాక స్క్రాపింగ్ సర్టిఫికెట్ విడిగా వస్తుంది, అదీ అడిగి తీసుకోండి. వెళ్లేముందు పెండింగ్ చలాన్లు, ఫైనాన్స్ ఎంట్రీ తీర్చుకోవాలి. ఏయే భాగాలు విప్పుకుని తెచ్చినా తీసుకుంటారో ఫోన్‌లోనే కనుక్కోండి, కొన్నిచోట్ల ఇంజిన్ లేని బండిని ముట్టుకోరు. పాత నంబరు ప్లేటు, హ్యాండిల్, బానెట్ మీది బొమ్మ ఇంట్లో ఉంచుకోవడానికి అదే సమయం.

బాగుచేయించాలని తేలితే, వరస

బండి విప్పడం, రేకు పని, ప్రైమర్. తర్వాత ఇంజిన్, గేర్‌బాక్సు, బ్రేకులు, వైరింగ్. రంగు వీటన్నిటి తర్వాత, సీట్లు అన్నిటికంటే చివర. రంగు ముందే వేయిస్తే ఇంజిన్ దింపేటప్పుడు మడ్‌గార్డు మీద గీతలు పడతాయి, సస్పెన్షన్ బిగించాక తలుపుల వరస మారితే మళ్లీ కోయాల్సి వస్తుంది. డబ్బు పని ప్రకారం ఇవ్వండి: అడ్వాన్సు 20 శాతం, ప్రైమర్‌కి ముందు వెల్డింగ్ అతుకులు కళ్లతో చూశాక 30, బండి తనంత తాను కదిలాక 30, కాగితాలు చేతికొచ్చాక మిగతాది. విప్పిన ప్రతి భాగాన్నీ ఫోటో తీసి, సంచిలో వేసి, పేరు రాసి, పెద్ద సామాను మీ ఇంట్లోనే పెట్టుకోండి. షాపులో వదిలిన క్రోమ్ పట్టీకి కాళ్లొస్తాయి.

కొత్తగా బోరు చేసిన ఇంజిన్‌ని మొదటి 500 కిలోమీటర్లు గంటకు 50 దాటించకుండా, గేరు మారుస్తూ, ఒకే వేగంలో ఎక్కువసేపు లాగకుండా నడపండి. 500 దాటగానే ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే దించి, ఫిల్టర్ మార్చి, హెడ్ బోల్టులూ వాల్వ్ సందులూ మళ్లీ చూపించండి. దించిన ఆయిల్‌ని తెల్ల ప్లాస్టిక్ గిన్నెలో పట్టి ఎండలో పెట్టి చూడండి. సన్నగా మెరిస్తే రింగులు సర్దుకుంటున్నాయి. గోరుకి తగిలేంత ముక్కలుంటే బండిని మళ్లీ స్టార్ట్ చేయకుండా లేత్ షాపుకి ఫోన్ చేయండి.